పది గడులూ నింపాలా? అమ్మాయి ఆదివారాలు ఏం చేస్తోందో ముందు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. నాకు అర్థమైంది ఇది. అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి అయిపోయి పదకొండులోకి వెళ్తోంది. ఎంపీసీ, కంప్యూటర్ సైన్స్. పన్నెండు తర్వాత డిగ్రీకే అమెరికా పంపాలని మీ ఆలోచన. కన్సల్టెంటు మూడున్నర లక్షలకి ప్యాకేజీ చెప్పాడు: ఒక ఎన్‌జీవో, ఒక రీసెర్చ్ పేపరు, ఒక పేటెంటు, రెండు మోడల్ యూఎన్‌లు (ఐక్యరాజ్యసమితి నమూనా సభలు), వేసవిలో ఒక ఇంటర్న్‌షిప్ లెటరు. "అక్కడి దరఖాస్తు ఫారంలో యాక్టివిటీలకి పది గడులుంటాయట, మాకు మూడే ఉన్నాయి, మిగతా ఏడూ ఏం ఎంచుకోమంటారు? రెండో క్లాసు నుంచి నేర్చుకుంటున్న కూచిపూడి టైమంతా తినేస్తోంది, మానిపించాలా?" అని అడిగారు. చివర్లో బ్రాకెట్లో ఇంకో మాట కూడా పెట్టారు: "ఆదివారాలు గురువుగారి దగ్గర చిన్నపిల్లలకి అడుగులు నేర్పుతుంది, తాళం లెక్కలేవో గళ్ళ నోటుబుక్కులో గీసి చూపిస్తుంది, అది ఎలాగూ లెక్కలోకి రాదులెండి" అని.

ఆ బ్రాకెట్ దగ్గరికి తర్వాత వస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పదేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఆ తర్వాత పదహారేళ్ళుగా హైదరాబాద్ స్కూళ్ళలో కౌన్సెలర్ పని. పిల్లల పక్కన కూర్చుని ఈ ఫారాలు కొన్ని వందలు నింపించి ఉంటాను. మొదటి మూడు నాలుగేళ్ళు నేనూ "పదీ నింపండి" అన్నదాన్నే. ఒక్క గడి ఖాళీగా కనిపిస్తే పిల్లల్ని కూర్చోబెట్టి, నాలుగేళ్ళ కిందట ఒక రోజు మొక్కలు నాటిన సంగతి కూడా లాగి రాయించేదాన్ని. అందులో చాలామటుకు నా తప్పే.

ముందు అసలు ఈ యాక్టివిటీలు ఎక్కడ పనికొస్తాయో తేల్చుకోవాలి. ఇది తేల్చుకోకుండా పరిగెత్తేవాళ్ళే ఎక్కువ. ఐఐటీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు. మన ఇంజనీరింగ్ కాలేజీలకి ఈఏపీసెట్ ర్యాంకు, అందులో ఎన్‌సీసీకి, క్రీడలకి కొద్దిపాటి కోటా. ఢిల్లీ యూనివర్సిటీలో కళలకీ క్రీడలకీ కలిపి 5 శాతానికి మించని అదనపు సీట్లుంటాయి, వాటికి ట్రయల్స్ పెడతారు. అశోకా, మన శ్రీసిటీలోని క్రియా లాంటి ప్రైవేటు యూనివర్సిటీలు వ్యాసాలు, ఇంటర్వ్యూలు అడుగుతాయి కాబట్టి అక్కడ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు ప్రధానంగా చదువే చూస్తాయి, యాక్టివిటీలు కాదు. బ్రిటన్‌లో అయితే చేరబోయే సబ్జెక్టు గురించి క్లాసు బయట ఏం చదివావు, ఏం ఆలోచించావు అన్నదే ముఖ్యం. 2026 అడ్మిషన్ల నుంచి అక్కడి ఉమ్మడి దరఖాస్తు యూకాస్ ఫారంలో పాత వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టారు, మొత్తం 4000 అక్షరాలు. ఆక్స్‌ఫర్డ్‌లో మ్యాథ్స్ అడిగేవాళ్ళు నాట్యం గురించి పెద్దగా అడగరు.

అమెరికాలో కూడా అన్నీ ఒకటి కాదు. అరిజోనా స్టేట్ లాంటి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలు ప్రధానంగా మార్కులే చూస్తాయి. సీట్ల కన్నా పదింతలు, ఇరవై ఇంతలు దరఖాస్తులొచ్చే కాలేజీల్లోనే యాక్టివిటీలకి అసలు బరువు. అక్కడ కూడా అవి మార్కుల తర్వాతే. పదకొండులో లెక్కలు దెబ్బతిని పది గడులు నిండితే లాభం లేదు. కాబట్టి మీ కాలేజీల లిస్టు రాసుకుని, అందులో ఎన్ని ఈ గడులు చదువుతాయో ముందు లెక్కపెట్టుకోండి.

ఇక ఫారం. కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు ప్రతి ఏడూ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. యాక్టివిటీల భాగంలో పది గడులు. ఒక్కో గడిలో మీ అమ్మాయి హోదా రాయడానికి 50 అక్షరాలు, సంస్థ పేరుకి 100, ఏం చేసిందో చెప్పడానికి 150. మాటలు కాదు, అక్షరాలు. మధ్యలో వదిలే ఖాళీలు కూడా అందులోకే. దాని కింద ఏ తరగతుల్లో చేసింది, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా అడుగుతారు, అంటే తొమ్మిదీ పదీ ఇప్పటికే అయిపోయాయి. మన వాళ్ళు ఇది వినగానే కంగారు పడతారు. మీరు కంగారు పడక్కర్లేదు, ఎందుకో చెప్తాను.

పది అన్నది పైహద్దు. పదీ నింపాలని ఫారంలో ఎక్కడా లేదు. ఎంఐటీకి సొంత దరఖాస్తు ఉంది, అందులో నాలుగు యాక్టివిటీలే అడుగుతారు. ప్రపంచంలో అంత మంది ఎగబడే చోట నాలుగు చాలని వాళ్ళే అంటుంటే, మనకి పది ఎందుకు? కాలిఫోర్నియా యూనివర్సిటీల ఫారం మాత్రం వేరు. అవార్డులు, ఉద్యోగం, వాలంటీరు పని అన్నీ కలిపి 20 దాకా రాయొచ్చు, వివరణకి 350 అక్షరాలు. రాసినవాటికి రుజువు చూపించమని కొంతమందిని యాదృచ్ఛికంగా ఎంచి అడుగుతారు కూడా.

వారానికి ఎన్ని గంటలు అన్న గడి దగ్గరే చాలామంది దొరికిపోతారు. పిల్లలు ఫారం తీసుకొస్తే నేను మొదట చేసే పని కూడిక. వారంలో 168 గంటలు. నిద్ర రోజుకి ఏడు చొప్పున 49. స్కూలు, బస్సు కలిపి 50. జేఈఈ ఫౌండేషన్ కోచింగ్ 15. హోంవర్కు, తిండి, స్నానం ఒక 30. మిగిలేవి 24. ఒక అబ్బాయి రాసుకొచ్చిన పది యాక్టివిటీల గంటలు కలిపితే వారానికి 61 వచ్చాయి. "ఎప్పుడు పడుకుంటావు నాన్నా?" అంటే నవ్వేశాడు. వాడి దరఖాస్తు చదివే మనిషి కూడా కూడగలడు కదా. ఆ పూట రబ్బరు తీసుకుని కూర్చున్నాం. లేచేసరికి ఐదు మిగిలాయి, ఆ ఐదూ నిజం.

చదివేవాళ్ళు ఎలా చూస్తారన్నది ఒకప్పుడు ఊహే. ఇప్పుడు కొంత బయటపడింది. స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ హార్వర్డ్ మీద వేసిన కేసు 2018లో బోస్టన్ కోర్టులో విచారణకొచ్చింది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, జాతిని లెక్కలోకి తీసుకోకూడదని. ఆ తీర్పు సంగతి వేరే కథ. విచారణలో బయటికొచ్చిన కాగితాల్లో అప్పట్లో వాళ్ళు వాడిన మార్కుల పట్టిక ఉంది. చదువుకి ఒకటి, ఆటలకి ఒకటి, వ్యక్తిత్వానికి ఒకటి, బయటి యాక్టివిటీలకి ఒకటి, అలా విడివిడిగా అంకెలు వేస్తారు. యాక్టివిటీల్లో 1 అంటే అసాధారణం, దేశస్థాయిలో పేరు తెచ్చుకున్నవాళ్ళు. 2 అంటే స్కూల్లో గట్టిగా నిలబడి ఏదైనా నడిపినవాళ్ళు. 3 అంటే అన్నిట్లో పాల్గొన్నారు కానీ ప్రత్యేకంగా ఏమీ లేదు. పదీ నింపిన మన పిల్లలు చాలామంది వచ్చి పడేది ఈ 3లోనే.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఆ పట్టికలో 5. 4 కన్నా తక్కువేమో అనుకుంటాం. కాదు. ఇంటి బాధ్యతలు మోసేవాళ్ళకి, చదువుకుంటూ ఉద్యోగం చేసేవాళ్ళకి విడిగా పెట్టిన అంకె అది. కామన్ యాప్‌లో కూడా యాక్టివిటీ రకం ఎంచుకునే చోట కుటుంబ బాధ్యతలు అనీ, జీతం వచ్చే పని అనీ విడిగా ఉంటాయి. మన ఇళ్ళలో దీన్ని ఎవరూ ముట్టుకోరు. తాతయ్యకి రోజూ ఇన్సులిన్ ఇచ్చే పిల్ల "యాక్టివిటీలేం లేవు మేడమ్" అంటుంది. వేసవి క్యాంపుకి పదిహేను రోజులు వెళ్ళొచ్చిన పిల్లాడు దాన్నే మొదటి గడిలో పెడతాడు.

కొన్నేళ్ళ కిందట ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ళమ్మ వనస్థలిపురం వైపు టిఫిన్ సెంటర్ నడిపేది. వాడి ఫారంలో రెండే రాసి ఉన్నాయి: క్విజ్, చెస్. రెండూ అంతంత మాత్రమే. "పొద్దున్న ఏం చేస్తావు?" అంటే "ఏం లేదు మేడమ్, అమ్మ దగ్గర ఉంటా" అన్నాడు. ఎన్నింటికి లేస్తావు? నాలుగున్నరకి. ఏం చేస్తావు? పిండి లెక్క చూస్తా. ఆ పిండి లెక్క ఏమిటో చూపించమన్నాను. మర్నాడు పాత డైరీ ఒకటి పట్టుకొచ్చాడు. రోజూ ఎన్ని కిలోల ఇడ్లీ పిండి రుబ్బారు, మధ్యాహ్నానికి ఎంత మిగిలింది, సాయంత్రానికి ఎంత పులిసి పారబోశారు, మూడు నెలలు రాసి ఉంది. శనివారం రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినేవాళ్ళు ఎక్కువని వాడికి అంకెల్లో కనిపించింది. సోమవారం మధ్యాహ్నం మిగిలిపోతుందనీ కనిపించింది. సోమవారం రుబ్బేది తగ్గించి, శనివారం సాయంత్రానికి రెండో వాయి పెట్టించాడు. పారబోసేది సగానికి తగ్గింది. ఇదంతా చెప్పి, "కానీ ఇది యాక్టివిటీ కాదు కదా మేడమ్" అన్నాడు!

వాడు మొదట రాసింది "అమ్మకి వ్యాపారంలో సాయం చేస్తాను" అని. నాలుగుసార్లు తిరగరాశాక 150 అక్షరాల్లో మిగిలింది గంటలు, కిలోలు, శనివారం, సోమవారం. విశేషణం ఒక్కటి లేదు. ఆ ఏడు ఓ చిన్న కాలేజీలో మంచి ఆర్థిక సాయంతో సీటొచ్చింది. ఇడ్లీ పిండి వల్లే వచ్చిందని నేను చెప్పను. మార్కులున్నాయి, వ్యాసం బాగా రాశాడు, ఆ ఏడు వాళ్ళకి ఎలాంటి పిల్లలు కావాల్సొచ్చిందో మనకేం తెలుసు. ఆ ఫారం చదివితే వాడు కనిపించేవాడు, అంతమటుకు చెప్పగలను.

ఇప్పుడు మీ కన్సల్టెంటు ప్యాకేజీ. మొహమాటం లేకుండా చెప్తాను, డబ్బు దాచుకోండి. పదహారేళ్ళ పిల్ల పేరున ఎన్‌జీవో పెట్టి, లోగో గీయించి, అనాథాశ్రమంలో పళ్ళు పంచి ఫొటో దిగితే అది ఏ దేశంలోవాళ్ళకైనా తెలిసిపోతుంది. ఎందుకంటే అదే కన్సల్టెంటు అదే ఏడాది ఇంకో ముప్పై మందికి అదే పెట్టించి ఉంటాడు. డబ్బు కడితే వేసే జర్నళ్ళలో పేపరు, ఆరుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిపి పేటెంటు, మామయ్యగారి కంపెనీలో లెటరు, ఇవన్నీ అదే బాపతు. అమ్మాయికి ఏదైనా విషయం మీద నిజంగా పట్టు ఉండి, ఓ టీచరు దగ్గర ఏడాది కూర్చుని ఏదైనా రాస్తే అది వేరు. అచ్చు కాకపోయినా ఫర్వాలేదు. మోడల్ యూఎన్ సంగతంటారా, మాట్లాడటం ఇష్టమున్న పిల్లలకి బాగుంటుంది. మీ అమ్మాయి గురించి మీరు రాసినదాంట్లో ఆ జాడ నాకు కనపడలేదు.

అబద్ధాల సంగతి కూడా ఒక మాట. 2019 మార్చిలో అమెరికాలో బయటపడ్డ కుంభకోణం గుర్తుందా? రిక్ సింగర్ అనే కన్సల్టెంటు, ఎన్నడూ పడవ నడపని పిల్లల్ని పడవ పందేల ఆటగాళ్ళుగా చూపించాడు. ఫొటోల్లో తలలు మార్చాడు. యాభై మందికి పైగా కేసుల్లో ఇరుక్కున్నారు, తల్లిదండ్రులు జైలుకెళ్ళారు, అతనికి మూడున్నరేళ్ళ శిక్ష పడింది. అది కోట్ల వ్యవహారం, మనది లక్షల్లో అని సర్దుకోకండి. సీటొచ్చాక కూడా అబద్ధమని తేలితే తీసేస్తారు. నాకూ ఒకసారి ఎదురైంది. అప్పుడు పని చేస్తున్న స్కూల్లో, ఓ అబ్బాయి 200 గంటల సేవ చేశాడని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టమన్నారు. వాడు వెళ్ళింది రెండు శనివారాలు. పెట్టనన్నాను. ఆ తర్వాత ఆ స్కూల్లో నేను ఎక్కువ కాలం ఉండలేదు, అది వేరే సంగతి. కానీ మీరిది గుర్తుంచుకోండి: మీ అమ్మాయి దరఖాస్తుతో పాటు స్కూలు నుంచి కూడా ఓ ఉత్తరం వెళ్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగాలి.

మరి ఎలా ఎంచుకోవాలి? నేను చేయించేది చాలా మామూలు పని. రెండు వారాల పాటు, అరగంటకో గీత చొప్పున, ఏం చేశామో రాయాలి. నేను చూస్తానని చెప్పను, ఎవరికీ చూపించక్కర్లేదంటాను. రెండు వారాల తర్వాత రంగు పెన్సిలుతో, ఎవరూ చెప్పకుండా తనంతట తనే చేసినవాటికి చుట్టూ గీయమంటాను. కొందరికి ఫోను ఒక్కటే వస్తుంది, సరే, అదీ ఒక సమాచారమే. ఫోనులో ఏం చూస్తున్నాడని అడిగితే ఒక్కోసారి మంచి సంగతి తేలుతుంది. మెట్రో రైళ్ళ వీడియోలు వందలు చూసిన పిల్లాడు ఒకడు, మియాపూర్ రూట్లో ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగుతుందో రాసి పెట్టుకున్నాడు. ఎంచుకోవడం అక్కణ్ణుంచి మొదలవ్వాలి. బయటినుంచి తెచ్చి అతికించింది పన్నెండో తరగతి అక్టోబరు దాకా నిలవదు. అప్పటికి స్కూలు పరీక్షలు, అమెరికా కాలేజీలకి రాసే శాట్ పరీక్ష, వ్యాసాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మనసు లేని పని మొదట జారిపోయేది అప్పుడే.

ఇక మీ బ్రాకెట్. మా అన్నయ్య చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు, అందుకని మీ అమ్మాయి ఆ గళ్ళ నోటుబుక్కులో ఏం గీస్తోందో నేను కొంత ఊహించగలను. ఆది తాళం ఒక ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకి, ఎనిమిది దెబ్బలు, దెబ్బకి నాలుగు చొప్పున 32 అక్షరాలు (ఫారంలో అక్షరాలు కావు, తాళంలో కాలం కొలిచేవి). తీర్మానంలో, అంటే ముగింపు ముక్కలో, ఒక జతిని (అడుగులకి పలికే మాటల వరసని) మూడుసార్లు పలికి, మధ్య రెండు చోట్ల సమానంగా ఆగి, సరిగ్గా సమం మీదకి, అంటే తాళం మొదటి దెబ్బ మీదకి రావాలి. జతి 10 అక్షరాలైతే మధ్యలో ఒక్కొక్కటి ఆగాలి. 8 అయితే నాలుగేసి. 6 అయితే ఏడేసి. మరి 9 అయితే? మూడు తొమ్మిదులు 27, మిగిలింది 5, దాన్ని రెండుగా పంచితే రెండున్నర. చిన్నపిల్లలు తప్పేది ఇక్కడే. రెండు ఆవర్తనాలు తీసుకున్నా, నాలుగు తీసుకున్నా బేసి జతి కుదరదు. సమం దగ్గర ఒక అక్షరం వదిలి ఎత్తుకుంటే కుదురుతుంది: 1, 27, 4, మొత్తం 32. గురువులు దీన్ని చేత్తో తాళం వేసి, పలికి నేర్పుతారు. ఏడేళ్ళ పిల్లకి ఎక్కడ ఆగాలో గడిలో చుక్క పెట్టి చూపిస్తోందంటే, మీ అమ్మాయి లెక్కలూ చేస్తోంది, టీచరు పనీ చేస్తోంది. లెక్కలంటే ఇష్టమని మీరే రాశారు. ఈ రెండూ ఒకటేనని మీ ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు!

కాబట్టి కూచిపూడి మానిపించకండి. తొమ్మిదేళ్ళు ఒకే పని చేసిన పిల్లలు నా దగ్గరికి ఏడాదికి ఇద్దరో ముగ్గురో వస్తారు, అంతే. ఆ తొమ్మిదిలో రెండేళ్ళు ఫారం అడిగే తరగతుల్లోనే గడిచాయి, అందుకే కంగారు వద్దన్నది. ఈ నాట్యం మన దగ్గర కూడా పనికొచ్చే దారి ఒకటి ఈమధ్యే తెరుచుకుంది. మద్రాసు ఐఐటీ 2024-25 నుంచి క్రీడలకి, 2025-26 నుంచి లలితకళలకి విడిగా అడ్మిషన్ మొదలుపెట్టింది. ఒక్కో కోర్సులో రెండేసి అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు లిస్టుకి ఎక్కాల్సిందే, దాని మీద కళలో గుర్తింపు చూస్తారు. ఏ గుర్తింపులు లెక్కలోకి వస్తాయో వాళ్ళ పేజీలో లిస్టు ఉంటుంది, గురువుగారికి చూపించండి.

అయితే రంగప్రవేశం (స్టేజీ మీద మొదటి పూర్తి సోలో ప్రదర్శన) పెట్టించి ఐదారు లక్షలు ఖర్చు చేస్తే ఫారంలో బాగుంటుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. గురువుగారు సిద్ధమైందంటే, అమ్మాయికి కావాలనిపిస్తే, మీ ఇంటి పండగలా చేసుకోండి. కాలేజీ కోసమైతే వద్దు. అమెరికాలో మన వాళ్ళ ఊళ్ళన్నిట్లో వేసవి వచ్చిందంటే ప్రతి శనివారం ఒకటి ఉంటుంది. దరఖాస్తులు చదివేవాళ్ళకి ఆ మాట ఇప్పుడు కొత్త కాదు. ఆదివారం పొద్దున్న చిన్నపిల్లల్ని వరసలో నిలబెట్టి నేర్పడం మాత్రం అంత తరచుగా కనిపించదు.

మీ అమ్మాయి ఫారం ఎలా ఉండొచ్చో నా మనసులో ఉన్నది చెప్తాను. మొదటి గడి నాట్యం నేర్పడం, రెండోది నాట్యం నేర్చుకోవడం. వాటిని విడిగా పెట్టొచ్చు, రెండూ వేరే పనులు. మూడోది లెక్కలు. దీనికి నిజమైన పోటీ ఒకటుంది, పెద్ద ఖర్చు లేనిది: ఐఓక్యూఎం, అంటే మ్యాథ్స్ ఒలింపియాడ్ దారిలో మొదటి పరీక్ష. సెప్టెంబరులో జరుగుతుంది. అందులో నెగ్గితే ప్రాంతీయ పరీక్ష, ఆపైన జాతీయ స్థాయి పరీక్ష ఐఎన్‌ఎంఓ. అక్కడిదాకా వెళ్తే అమెరికా మాట అలా ఉంచి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కీ (ఐఎస్‌ఐ) చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కీ దారి సులువవుతుంది. మొదటి మెట్టు మీదే ఆగినా నష్టం లేదు, జేఈఈ లెక్కలకన్నా భిన్నంగా ఆలోచించడం అలవాటవుతుంది. నాలుగోది, మీ ఇంట్లో తను చేసే పని ఏదైనా ఉంటే. నానమ్మగారు మీతోనే ఉంటారని రాశారు కదా, ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఎవరు? అమ్మాయే అయితే అదీ రాయాలి. ఐదోది పదకొండులో తనే వెతుక్కుంటుంది, దాన్ని మీరు ముందే నింపకండి. అంతే. ఐదు.

"పక్కింటి అబ్బాయికి పది ఉన్నాయి" అన్నారు. ఉండనివ్వండి.

రాసేటప్పుడు ఒక ఉదాహరణ. అమ్మాయి మొదట ఇలా రాస్తుంది, పందెం: "చిన్నారులకు కూచిపూడి నేర్పిస్తూ మన ఘనమైన సంస్కృతిని తరువాతి తరానికి అందిస్తున్నాను." స్టేజీ మీద చెప్పడానికి బాగానే ఉంటుంది. దాన్ని కొట్టేయమనండి. ఎంతమంది, ఎంత వయసు, ఎన్ని గంటలు, ఏం మారింది అని అడగండి. అప్పుడు ఇలాంటిది వస్తుంది: "6-9 ఏళ్ళ 11 మంది. విరామాలు గళ్ళ కాగితం మీద గీసి తీర్మానాలు నేర్పుతాను. గురువుగారు ఇప్పుడు మిగతా బ్యాచ్‌లకీ అదే వాడుతున్నారు." అంకెలు నేను ఊహించి పెట్టాను, మీవి మీరు పెట్టుకోండి. గురువుగారు వాడకపోతే వాడుతున్నారని రాయకండి. వారానికి 3 గంటలు, ఏడాదికి 40 వారాలు అంటే 120 గంటలు. పరీక్షల నెలలు, సంక్రాంతి, దసరా తీసేస్తే 52 వారాలు ఎవరికీ రావు. 52 అని రాసిన ఫారం చూస్తే నాకే నమ్మబుద్ధి కాదు.

ఇంకో విషయం, ఇది మీకు కాదు, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో పిల్లల్ని వేసి ఇదే ప్రశ్న అడిగేవాళ్ళకి. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ ఉన్న చోట యాక్టివిటీ దొరకదు. దొరుకుతుందని ఎవరైనా చెప్తే అమ్మకానికే చెప్తున్నారు. అలాంటప్పుడు లేనిది కల్పించకుండా, దరఖాస్తులో అదనపు సమాచారం అని ఉండే చోట రోజు ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు నాలుగు వాక్యాలు రాయడం మేలు. ఇందాక చెప్పిన పట్టికలో 6 అని ఒక అంకె ఉంది, పరిస్థితుల వల్ల ఏమీ చేయలేకపోయిన పిల్లలకి. అయితే అమెరికా వెళ్ళాలన్న ఆలోచన పదిలోనే ఉంటే ఆ కాలేజీలో వేయకపోవడమే నయం. అక్కడ సిఫారసు ఉత్తరం రాసేవాళ్ళే దొరకడం కష్టం.

టైమ్ సంగతి. ముందస్తు దరఖాస్తులకి చాలా చోట్ల నవంబరు 1 గడువు, మామూలువాటికి జనవరి మొదటివారం అటూఇటూ. అంటే మీ చేతిలో ఉన్నది పదకొండు, వచ్చే వేసవి, పన్నెండులో నాలుగైదు నెలలు. ఆ వేసవిని క్యాంపులతో నింపేయకండి. సెలవులకి తెనాలిలో అమ్మమ్మగారింటికి వెళ్తుందన్నారు, వెళ్ళనివ్వండి. కూచిపూడి గ్రామం అక్కడికి మరీ దూరమేం కాదు, కృష్ణ దాటితే ఆ వైపే. తొమ్మిదేళ్ళుగా ఆ ఊరి పేరు పలుకుతున్న పిల్ల ఒక్కసారైనా చూసిందా అన్నది మీరు రాయలేదు. ఫారంలో రాయడానికి కాదు, ఊరికే.

ఆ మూడున్నర లక్షల్లో శాట్ ఫీజు, కాలేజీల దరఖాస్తు ఫీజులు పోగా ఇంకా చాలా మిగులుతుంది. చదువు ఖర్చు పెద్ద ప్రైవేటు కాలేజీల్లో అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిపోయింది కాబట్టి, ఆర్థిక సాయం సంగతి కూడా ఈ ఏడాదే కూర్చుని చూసుకోండి. యాక్టివిటీల కన్నా అదే పెద్ద తలనొప్పి. కావాలంటే విడిగా అడగండి, దానికి ఇంత పొడుగు సమాధానమే అవుతుంది.

ప్రస్తుతానికి ఒక్క పని చేయండి. ఆ గళ్ళ నోటుబుక్కు ఎక్కడుందో వెతకండి. పదో తరగతి పుస్తకాలతో పాటు పాత పేపర్లవాడికి వేసేయలేదు కదా?